గీకాలా, నిలపాలా: పాత టేకు బల్ల మీది పూత గురించి ఒక సంవాదం

పాత కలప సామాను విషయంలో చెక్క మంచిదా కాదా అన్న ప్రశ్న కొనేటప్పుడే తేలిపోతుంది. వస్తువు ఇల్లు చేరాక మిగిలే వివాదం దాని మీది పూత గురించినదే. పూత అంటే తేమ, మురికి, రాపిడి నేరుగా కలపను తాకకుండా కప్పి ఉంచే పలుచని పొర. స్పిరిట్‌లో కరిగించిన లక్క, నైట్రోసెల్యులోజ్ లాకర్, మెలమైన్, పాలీయురెథేన్ వంటి పదార్థాలన్నీ బజారులో పాలిష్ అనే ఒక్క పేరుతోనే చెలామణి అవుతాయి గానీ, వాటిలో ఒకదాని స్వభావానికీ మరొకదాని స్వభావానికీ పోలిక చాలా తక్కువ, అందుకే ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి హాని చేయవచ్చు.

ఈ సంవాదానికి వస్తువు అలాంటి ఒక భోజనాల బల్ల: టేకు చేవ పలకలను అంచుకు అంచు అతికించిన పైభాగం, ఒక కర్ర కొసను సన్నగా చెక్కి రెండో కర్ర బెజ్జంలోకి దించే కుసి అతుకులతో బిగించిన చట్రం, ఎవరో ఎప్పుడో ఆకుపచ్చ ఎనామిల్ రంగు పులిమిన కాళ్ళు. వాదించేవారు ఇద్దరు: కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, లక్క పాలిష్‌లో చేయి తిరిగిన పెద్దవయసు ఆచారి. ఇద్దరూ కల్పిత పాత్రలే. కొత్త మెరుపును కోరేది పనివాడు, పాతదనాన్ని కోరేది చదువుకున్న ఇంటివారు అని అనుకోవడం రివాజు. ఇక్కడ ఆ వరుస తారుమారైంది, ఎందుకంటే లక్క పనిలో పెరిగిన తరానికి మంచి పూతను గీకి పారేయడమంటే పని చేతకాకపోవడం కిందే లెక్క.

అధ్యాపకురాలు: ఆచారిగారూ, ఈ బల్ల మీది పొర నల్లబడింది, సన్నగా పగుళ్ళు వారింది, వేడి గిన్నెలు పెట్టిన చోటల్లా తెల్లటి వలయాలు తేలాయి; రోజూ భోజనాలకు వాడాలంటే ఉన్నదంతా గీకించి, చెక్క బయటపడేదాకా ఉప్పు కాగితం పట్టించి, పాలీయురెథేన్ వేయించడమే మంచిది కదా? అంతకంటే గట్టి పదార్థం అందుబాటులో ఉండగా ఈ పాత పూతను బతికించుకోవడంలో ప్రయోజనం ఏముంది?

ఆచారి: గీకడానికి ముందు ఉన్నది ఏ పూతో తెలుసుకోవాలమ్మా. బల్ల అడుగున కంటబడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదిని ఒక నిమిషం ఆనించి ఉంచితే, అది బంకగా అతుక్కుని రంగు వదిలిందంటే అక్కడున్నది లక్క. స్పిరిట్‌కు కదలకుండా థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ చలించకపోతే మెలమైనో పాలీయురెథేనో అయి ఉంటుంది. ఈ బల్ల మీద దూది అతుక్కుంది. లక్క పూత ఏళ్ళు గడిచినా స్పిరిట్ తగిలితే చాలావరకు మళ్ళీ కరుగుతుంది, కొత్తగా వేసిన పొర పాత పొరలో కలిసిపోతుంది. కాబట్టి టర్పెంటైన్ అద్దిన గుడ్డతో పైని జిడ్డూ మురికీ తీసేస్తే, మిగిలిన పూత మీదనే పని సాగించవచ్చు.

ఆచారి వాదానికి ఆధారమైన ఈ లక్క, మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మల రసం పీల్చి బతికే ఒక చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూటి పదార్థం. కొమ్మల మీది నుంచి ఒలిచి, కడిగి, కరిగించి, పలుచని రేకులుగా సాగదీస్తే చపడా పేరుతో అమ్మే సరుకు తయారవుతుంది. రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క కోసం ప్రత్యేకంగా ఒక పరిశోధనాలయం వెలసింది. వినైల్ రాకముందు పద్యనాటకాలను ఇంటింటికీ చేర్చిన 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులలో పొడులన్నిటినీ పట్టి ఉంచిన పదార్థం ఇదే, నేటికీ కొన్ని మందుబిళ్ళల మీదా మిఠాయిల మీదా మెరిసే పొర ఇదే; అందువల్ల స్పిరిట్ పూర్తిగా ఆవిరైపోయిన తర్వాత అన్నం తినే బల్ల మీద లక్క ఉన్నందుకు భయపడవలసింది లేదు. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవారు అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించగానే రాపిడి వేడికి అది కరిగి కర్రను పట్టుకుంటుంది. బల్ల విషయంలో ఆ వేడి చేసే పనిని స్పిరిట్ చేస్తుంది. స్పిరిట్ అంటే తాగడానికి వీల్లేకుండా విషపదార్థం కలిపిన ఇథైల్ ఆల్కహాల్. లీటరుకు సుమారు 240 గ్రాముల రేకులు వేసి రాత్రంతా నానబెట్టి వడగట్టిన ద్రావణం చేతిపనికి సరిపోతుంది, కాని నిలవ ఉన్నకొద్దీ లక్క ఆల్కహాల్‌తో చర్య జరిపి సరిగా ఆరని స్థితికి వస్తుంది గనుక, నెలల తరబడి సీసాలో ఉండిపోయిన ద్రావణాన్ని వాడకపోవడమే మేలు.

అధ్యాపకురాలు: రాపిడి వేడికే కరిగేది పొయ్యి మీది నుంచి దించిన సాంబారు గిన్నెకు ఆగుతుందా? వారణావతంలో పాండవులకు కట్టించిన ఇల్లు ఏ పదార్థంతో కట్టినదో మీకు గుర్తుచేయనక్కరలేదు. లక్క 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. పైగా అది ఆమ్ల గుణం ఉన్న రెసిన్ కాబట్టి చాకలి సోడా, అమ్మోనియా వంటి క్షార ద్రావణాలలో కరుగుతుంది, అంటే పూటపూటా సబ్బునీళ్ళతో తుడిచే బల్ల మీద అది క్రమంగా మసకబారక తప్పదు. పాలీయురెథేన్ సంగతి వేరు. ఆరేటప్పుడు దాని అణువులు ఒకదానికొకటి రసాయన బంధాలతో వలలా అల్లుకుపోతాయి, అలా అల్లుకున్న పొర మామూలు ద్రావణులలో దేనిలోనూ కరగదు.

ఆచారి: ఆ కరగకపోవడమే తర్వాత చిక్కు తెస్తుందమ్మా. గీత పడిన చోట కొత్త పూత వేస్తే అది పాత పొరలో కలవకుండా పైన నిలబడి అంచు చూపిస్తుంది, ఎప్పటికో పొర పెచ్చులుగా లేస్తే బల్లంతా మళ్ళీ గీకవలసిందే, గీకిన ప్రతిసారీ చెక్క కొంత తరుగుతుంది. లక్క మీద తెల్ల వలయం పడిందంటే తేమ ఆ పొరలోనే చిక్కుకుందని అర్థం. లోపల దూది పెట్టి పైన నూలు గుడ్డ చుట్టిన ఉండకు స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, ఎక్కడా ఆగకుండా ఆ మచ్చ మీదుగా రెండు మూడు సార్లు పోనిస్తే, పొర ఒక క్షణం మెత్తబడి తేమను వదిలేస్తుంది, వలయం మాయమవుతుంది. ఈ పని ఇంట్లోవారు నేర్చుకోవచ్చు. రెండు డబ్బాల సరుకు కలిపి స్ప్రే గన్‌తో కొట్టే పాలీయురెథేన్‌ను మాత్రం ఇంట్లోవారు ముట్టుకోకూడదు.

చివరి మాటకు అధ్యాపకురాలి శాస్త్రమే సాక్ష్యం చెబుతుంది: రెండు భాగాల పాలీయురెథేన్‌లోని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం తెప్పించగలవు, ఇంటి పనికి తగినది బ్రష్‌తో వేసే ఒకే డబ్బా రకం. ఇక మరమ్మతుకు వీలుండాలన్న వాదానికి కళాఖండాల పునరుద్ధరణ శాస్త్రంలో గట్టి మద్దతే ఉంది. ఇటలీకి చెందిన చేజరె బ్రాండి 1963లో వెలువరించిన పునరుద్ధరణ సిద్ధాంత గ్రంథంలో, ఈనాడు చేసే ఏ మరమ్మతైనా రేపు చేయవలసిన మరమ్మతుకు అడ్డురాకూడదు, వీలైతే దానిని సులభం చేయాలి అన్న సూత్రాన్ని ప్రతిపాదించాడు. అయితే బ్రాండి ఆలోచించింది చిత్రాలు, కుడ్యచిత్రాలు, శిల్పాల గురించి. వాటి మీద ఎవరూ అన్నం తినరు.

అధ్యాపకురాలు సరిగ్గా ఆ అంతరం మీదనే నిలబడింది.

అధ్యాపకురాలు: బాగుచేయడానికి వీలుండటం గొప్ప గుణమే, ఒప్పుకోవలసిందే, కాని వారానికోసారి బాగుచేయవలసి వస్తే ఆ గుణం ఎవరికి కావాలి ఆచారిగారూ? గిన్నె కింద చాప, గ్లాసు కింద బిళ్ళ, పిల్లల వెనక ఒక కాపలా మనిషి, ఇవన్నీ అమర్చుకుంటే తప్ప నిలవని పూత వల్ల ఇంటివాళ్ళే బల్లకు సేవ చేయవలసి వస్తుంది.

ఆచారి: అలాగైతే బల్లనంతా ఒకే ముద్దగా చూడటం మానేద్దాం. గిన్నెలు పెట్టేది పైపలక మీద; చట్రానికీ కాళ్ళకూ సాంబారు తగలదు, అక్కడ లక్కే ఉండనివ్వండి. ముందు కాళ్ళ మీది ఆకుపచ్చ రంగు తీద్దాం, 80 నంబరు గరుకు కాగితం పట్టి రుద్దితే సాయంత్రానికి చెక్క తేలుతుంది.

ఈ దశలో పొరపాటు ఆచారి వైపు జరిగింది, అది చిన్నది కాదు. భారతదేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం 90 పీపీఎంకు, అంటే పదిలక్షల భాగాలలో 90 భాగాలకు, మించకూడదన్న నిబంధనలు 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు ఎనామిల్ రంగులలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ వంటి గాఢమైన రంగులలో, సీసపు సమ్మేళనాలు విరివిగా కలిసేవి. అలాంటి రంగును పొడిగా రుద్దితే లేచే దుమ్ము నేల మీద, చాపల మీద, పాకే పిల్లల చేతుల మీద చేరుతుంది, పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని తిరిగి సరిదిద్దగలిగేది కాదు. వయసు తెలియని రంగును సీసం ఉన్న రంగుగానే భావించి నడుచుకోవడం వివేకం. రంగు లేకపోయినా కలప దుమ్ము నిరపాయకరమేమీ కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది, కనుక ముక్కుకు చేతిరుమాలు కట్టుకోవడం చాలదు, సన్నని దుమ్మును ఆపే మాస్కు కావాలి.

అధ్యాపకురాలు: పొడి కాగితం వద్దే వద్దు ఆచారిగారూ. కాస్టిక్ సోడా ద్రావణం పూస్తే ఎనామిల్‌లోని నూనె సబ్బుగా మారి రంగు ఉబ్బి ఊడివస్తుంది కదా, దుమ్ము అన్న మాటే ఉండదు.

ఆచారి: రంగుతో పాటు కాళ్ళూ ఊడివస్తాయమ్మా. ఈ కుసులు తోలు, ఎముకలు ఉడికించి తీసిన వజ్రం బంకతో అతికినవి. నీరు, వేడి, క్షారం ఏది ఎక్కువసేపు తగిలినా ఆ బంక జారిపోతుంది. ఫెవికాల్ బజారులోకి వచ్చిందే 1959లో, ఈ బల్ల అంతకంటే పెద్దది కావచ్చు. క్షారానికి టేకు నల్లబడుతుంది కూడా.

మిగిలిన మార్గం రంగును మెత్తబరిచే రిమూవర్ ద్రవం. అందులోనూ ఎంపిక ఉంది. వేగంగా పనిచేసే రకాలలో తరచుగా ఉండే మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి గాలికంటే బరువైనది, మూసిన గదిలో పేరుకుని మనిషి స్పృహ తప్పేలా చేయగలదు, దాని వల్ల జరిగిన మరణాల కారణంగానే అమెరికా 2019లో గృహస్థులకు అమ్మే రిమూవర్లలో దానిని నిషేధించింది. బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసినవి నెమ్మదిగా, గంటలకొద్దీ పనిచేస్తాయి గానీ ఇంటికి అవే తగినవి. డాబా మీదో పెరట్లోనో కింద ప్లాస్టిక్ పట్టా పరచి, ద్రవం పూసి, రంగు ముడతలు పడ్డాక తడిగానే గీకి, ఆ గీకుడునంతా సంచిలో మూటగట్టాలి. ఆ చుట్టుపక్కల పిల్లలూ గర్భిణులూ ఉండకూడదు. దీనికి ఇద్దరూ ఒప్పుకున్నారు, ఆచారి కొంత అయిష్టంగా.

పైపలక దగ్గర వాదం మళ్ళీ మొదలైంది, ఎందుకంటే తెల్ల వలయాల నడుమ ఒక నల్లటి మచ్చ కూడా ఉంది. తెల్లదనం పూతలోని తేమ. నలుపు మాత్రం నీరు పూతను దాటి చెక్కలోకి దిగిందనడానికి గుర్తు. తుప్పుపట్టిన పాత్ర అడుగునుంచి కరిగిన ఇనుము కలపలోని టానిన్లు అనే వగరు పదార్థాలతో కలిసి నల్లని సమ్మేళనంగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీటిలో పాత ఇనుము ఊరబెట్టిన ద్రవంతో నల్లగీతలు గీయడంలో జరిగేదీ ఈ చర్యే.

అధ్యాపకురాలు: గుడ్డ మీద ఉతికినా పోని నలుపు చెక్క మీద స్పిరిట్‌కు పోతుందా? దీనికి ఆక్సాలిక్ ఆమ్లమే మందు. అది ఇనుమును పట్టి కరిగిపోయే రూపంలోకి మారుస్తుంది, కాని పూత అడ్డంగా ఉంటే చెక్క దాకా చేరదు. కనుక పైపలక మీదనైనా పూత పోవలసిందే.

ఆచారి: పోనివ్వండి. మచ్చ ఉన్న చోట ఒక్కటే పూస్తే అక్కడ తెల్లని తునక తేలుతుంది గనుక పలకంతా ఒకే తీరుగా పూయాలి. కాని లక్కను తీయడానికి ఉప్పు కాగితం అక్కరలేదు. స్పిరిట్ తడిపిన గుడ్డ పరచి కాసేపు ఉంచితే మెత్తబడి గీకుడు రేకుకు వచ్చేస్తుంది, చెక్క తరగదు.

ఆక్సాలిక్ ఆమ్లం విషం. చేతి తొడుగులు లేకుండా దానిని ముట్టకూడదు, పని అయ్యాక మంచినీటితో పలుమార్లు తుడవాలి, ఆరి స్ఫటికాలుగా మిగిలిన పొడిని ఎన్నడూ రుద్ది లేపకూడదు. పసుపు మరకలకు మాత్రం ఇంత హంగామా అవసరం లేదు: పసుపులోని కర్‌క్యుమిన్ సబ్బు తగిలితే ఎర్రబడి ఇంటివారిని బెదరగొడుతుంది గానీ, ఎండ తగిలితే తనంతట తానే వెలిసిపోతుంది. చెక్క ఆరాక 120, 180, 220 నంబర్ల కాగితాలను వరుసగా, చెక్క చార వెంట మాత్రమే పట్టాలి. ఇదంతా నిండు చెక్కకే వర్తిస్తుంది. పలక అంచు చూసినప్పుడు పైనున్న చారలు అంచులోకి కొనసాగకపోతే అది ప్లైవుడ్ మీద అతికించిన పలుచని టేకు పొర, నాలుగు అదనపు రుద్దులకే అడుగు తేలిపోతుంది.

అధ్యాపకురాలు: ఇక దీని మీద నేరుగా పాలీయురెథేనేనా?

ఆచారి: నేరుగా వేస్తే ఆరదు. టేకులో సహజంగా ఉండే నూనెగుణం అలాంటి పూతను రోజుల తరబడి జిగటగా ఉంచేస్తుంది. చేవలో ఎక్కువ, అంచున చేవపట్టని తెల్లచెక్కలో తక్కువ. లక్క మాత్రం ఆ నూనె మీద కూడా పట్టుకుంటుంది. కనుక మొదట పలుచగా ఒక పొర లక్క, ఆ పైన మీ ఇష్టం.

అధ్యాపకురాలు: అయితే మైనం తీసిన లక్క కావాలి. మామూలు చపడాలో కొద్ది శాతం మైనం ఉంటుంది, దాని మీద పాలీయురెథేన్ పట్టు సడలుతుంది. ద్రావణాన్ని కదపకుండా ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది, పైన తేరిన దాన్ని వంపుకోవచ్చు.

లక్కను నమ్మని మనిషి లక్కను శుద్ధి చేసే ఉపాయం చెప్పడం, పాలీయురెథేన్‌ను ఏవగించుకునే మనిషి అది నిలిచే దారి చూపడం ఈ సంవాదంలో గమనించదగిన మలుపు. అయినా ఆచారి అభ్యంతరం పూర్తిగా తీరలేదు, తీరనక్కరలేదు కూడా. ఎందుకంటే పైపలక మీద గీతలు పడిన రోజున దానిని బాగుచేయడం కాళ్ళను బాగుచేసినంత సులభం కాదన్నది నిజం. ఏ పూత ఎన్నేళ్ళు ఉంటుందని దుకాణంలో అడిగేవారు ఎక్కువ, చెడినప్పుడు ఎవరు ఎలా బాగుచేస్తారని అడిగేవారు తక్కువ. ఈ రెండో ప్రశ్నకు ఒకే బల్లలో పైపలక ఒక జవాబు, కాళ్ళు మరొక జవాబు ఇవ్వగలవన్నదే ఇక్కడ తేలిన విషయం.

సమయం గురించి వారికి పేచీ రాలేదు. వానాకాలంలో లక్క పూస్తే స్పిరిట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ చేరి పొర పాలరంగుకు తిరుగుతుంది. సంక్రాంతి దాటాక వచ్చే పొడి రోజులు దీనికి అనువైనవి, కోస్తాలో మరీను. నూనె ఆధారంగా చేసిన పాలీయురెథేన్ గానీ అవిసె నూనె గానీ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదన్న హెచ్చరికను మాత్రం ఇద్దరూ ఒకేసారి పలికారు: ఆ నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడి పుట్టిస్తాయి, ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక అగ్గిపుల్ల లేకుండానే మంట లేవవచ్చు, కనుక వాటిని విడివిడిగా పరచి ఆరబెట్టాలి లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి.

చివరి పేచీ బల్లను తిరగేసినప్పుడు వచ్చింది. అడుగున మొదటి వడ్రంగి పెన్సిల్‌తో పెట్టుకున్న అతుకు గుర్తులు, పక్కన సిరాతో రాసిన ఒక అంకె ఉన్నాయి.

అధ్యాపకురాలు: ఇక్కడ దేనినీ తాకవద్దు. అడుగున పూత లేకుండానే ఇన్నేళ్ళుగా పలకలు వంగలేదు కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు?

ఆచారి: ఇన్నేళ్ళూ పైన పలుచని లక్క ఉందమ్మా, ఇప్పుడు మందంగా పాలీయురెథేన్ వస్తోంది. ఒక వైపు తేమకు తలుపు మూసి రెండో వైపు తెరిచి ఉంచితే, టేకు ఎంత తక్కువ కదిలే చెక్క అయినా వానాకాలంలో ఆ వైపే ఉబ్బుతుంది.

అడుగున పూత లేకుండా తరతరాలు చదునుగా నిలిచిన బల్లలు లోకంలో కొల్లలు, కనుక అధ్యాపకురాలి మాటను తోసిపుచ్చడం కష్టం. సీసాలో మిగిలిన లక్కతో ఒక్క పొర వేయడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు గనుక ఆచారి మాటను కాదనడమూ కష్టం. పెన్సిల్ గీతలు స్పిరిట్‌కు కరగవు, పూత కింద అలాగే కనబడతాయి, సిరా కరిగిపోవచ్చు. అందువల్ల ఆ అంకె ఉన్న జానెడు మేర చుట్టూ కాగితపు టేపు అంటించి, దానిని వదిలేసి, మిగిలిన అడుగంతా ఒక పొర లక్క వేయడానికి నిర్ణయమైంది.